తిత్లీ ఏడు సీసా

బాయిలర్ సూటులో చుట్టి
బోర్దో రేవు నించి బారువ దాకా తెచ్చాను.
ఓడలో వంటవాణ్ణి కదా,
నాకా వైన్ ఇచ్చిన ముసలి స్టోర్‌కీపరు
చేత్తో రెండు సైగలు చేశాడు:
ఒకటి, ఆగు.
రెండోది, మాంసం.
ఇంటికొచ్చేసరికి రెండూ మర్చిపోయాను.

దాలమ్మ పెద్దమ్మ ఆ పూట కోనాం పులుసు పెట్టింది,
చింతపండు చిక్కగా, పైన మెంతిపొడి.
బిరడా పీకి స్టీలు గ్లాసుల్లో పోశాను.
ముదురు నేరేడు రంగు, అంచున మాత్రం ఊదా.
పులుసు మీద అది పడగానే
లంగరు గొలుసు నాకినట్టయింది నోరు.
"ఏటిదిరా, తుప్పు మేకునాగున్నాది" అని
గ్లాసు పక్కకి తోసి మజ్జిగ కలుపుకుంది.

అసిరప్పడు మావ తాగలేదు.
ఉద్దానంలో పుట్టి కిడ్నీలు సగం ఊరుకున్నవాడు.
డాక్టరు రోజుకి చెంబెడు లెక్కగట్టాడు,
చారు, టీ, మాత్ర మింగే నీళ్ళు, అన్నీ ఆ చెంబులోనే.
నలభై ఏళ్ళు తాళ్ళెక్కి కల్లు దించాడు.
ఏ చెట్టుదో వాసనతో చెప్పేవాడు,
ఎవడు లొట్టి కడగలేదో కూడా.
గ్లాసు ముక్కు కింద పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.
"ఇంకా తొంగున్నాది," అన్నాడు. "లెగనేదు."

కల్లు అలా కాదు మరి.
తెల్లారగట్ల పసిపిల్ల, పది గంటలకి పడుచు,
పొద్దు వాలితే పుల్లబడి అందరి మీదా కేకలేస్తుంది.
దాని బతుకంతా ఒక్క పగలు.
ఇదేమో ఏళ్ళ తరబడి చీకట్లో పక్కకి ఒరిగి పడుకుని
అప్పుడే ఎందుకు లేపారని విసుక్కుంటోంది.

మావ సీసాని స్టీలు బిందెలోకి వంపి గుడ్డ కప్పాడు.
నన్ను మేక పక్కటెముకలకి తరిమాడు.
కొబ్బరి చిప్పల నిప్పులు.
మసాలా ముట్టనివ్వలేదు: ఉప్పు, మిరియం, దాని కొవ్వు.

రెండు గంటలయ్యాక మళ్ళీ.
వగరు అదే, ఇప్పుడు దానికి పని దొరికింది.
కొవ్వు నాలుకని పట్టుకుంటే
చాకిరేవు బండ మీద ఉతికినట్టు ఉతికి పోతోంది,
పోయాక మళ్ళీ కొవ్వు కావాలంటోంది.
దాని వెనకాల వాసనలు బెరుకుగా గడప దాటాయి,
ఎండిన నేరేడు, చుట్టల పెట్టెలో మిగిలిన నలుసు,
బళ్ళో పెన్సిలు చెక్కినప్పటి చెక్క...
నేనింకా ఏవో చెప్తూనే ఉన్నాను.

సాయంత్రం టీ మానుకుని
మావ ఒక్క గుక్క తీసుకున్నాడు.
మింగలేదు. ఈ బుగ్గ నించి ఆ బుగ్గకి నడిపించాడు.
"జీడిపండు," అన్నాడు చివరికి.
"పండింది కాదు. పండబోయేది, గొంతు పట్టేది.
మా ఉత్తరం గట్టు సెట్టుది."
ఆ గట్టు మీద ఇప్పుడు చెట్టు లేదు.

"ఆ కాయితం మీద అంకెలేటి?"
చదివాను. రెండువేల పద్దెనిమిది.

నిప్పుల మీద కొవ్వు చుక్క పడి చిటపటమంది.
తిత్లీ ఏడు.
కొబ్బరి, జీడి, పనస
ఒక్క రాత్రిలో వేళ్ళు పైకెత్తి పడుకున్న ఏడు.
మావ తోటలో నూటపదకొండని రాసుకుపోయారు.
ఆ రోజుల్లోనే అక్కడెవరో
ఎండ బాగా కాసిందని మురుసుకుంటూ
గుత్తులు కోసి ఉంటారు.

"బాగున్నాదిరా," అన్నాడు మావ. "ఆళ్ళ తప్పేటి."

ఖాళీ సీసా కడిగి పెద్దమ్మ వేరుసెనగ నూనె పోసుకుంది.
బెండు బిరడా గట్టిదంది.
నేను బయల్దేరే పొద్దున తేగల కట్ట చేతిలో పెట్టి
"మళ్ళీ తెత్తే
ఏటీ అవ్వని ఏడుది తేరా" అంది.

అప్పట్నించి ఏ రేవులో దిగినా
కొట్లో సీసా సీసా దగ్గరా ఆగుతాను,
ఆ అంకెనాడు మా ఊళ్ళో ఏమైందో గుర్తు చేసుకుంటూ.
ధర చూసి భయపడ్డాననుకుంటాడు కొట్టువాడు.